ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: అనుమతి దరఖాస్తు నుంచి సర్వీసు రిజిస్టర్ నమోదు దాకా

"సార్, సీటు వచ్చింది. ఫీజు కూడా కట్టేశాను. ఇప్పుడు ఆఫీసులో చెప్పాలా?"

పీహెచ్‌డీ ప్రవేశాల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్నతో నాకు ఫోన్లు మొదలవుతాయి. దేవరకొండ వైపు పనిచేసే ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా ఆరోగ్య కార్యకర్త, జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో కెమిస్టు, ఎవరు అడిగినా చిక్కు ఒకటే. మొదట చేయాల్సిన పని మిగిలిపోయింది, తర్వాత చేయాల్సింది అయిపోయింది. అందుకే ఈ పనులను ఏ వరుసలో చేయాలో ఆ వరుసలోనే రాస్తున్నాను. పరిశోధన పద్ధతుల గురించి ఇందులో ఉండదు. ఉద్యోగానికి మచ్చ రాకుండా సిద్ధాంత గ్రంథం ఎలా పూర్తిచేయాలన్నదే విషయం.

నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తూ పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేశాను. ఒక పత్రంలో రెండు వాక్యాలు లేకపోవడం వల్ల ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. ఆ సంగతి నాలుగో భాగంలో చెబుతాను.

1. ఎవరి నియమాల కింద ఉన్నారో తేల్చుకోండి

ఉద్యోగం చేసే పరిశోధకుడికి ఇద్దరు యజమానులు. ఒకరు ఆఫీసు, మరొకరు విశ్వవిద్యాలయం. ఒకరి అనుమతి మరొకరిని కట్టడి చేయదు.

విశ్వవిద్యాలయం వైపు ఆధారం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబర్‌లో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమైనా, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయమైనా, హైదరాబాద్‌లోని ఉస్మానియా అయినా పునాది అదే. దాని మీద ఒక్కో విశ్వవిద్యాలయం తన సొంత నియమాలు చేర్చుకుంటుంది. ఆ సంవత్సరం ప్రవేశ ప్రకటనను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి.

ఆఫీసు వైపు ఆధారం మీ ఉద్యోగాన్ని బట్టి మారుతుంది:

- రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి: 1964 నాటి ప్రవర్తన నియమావళి, ఫండమెంటల్ రూల్స్ (జీతం, సెలవుల వంటి సర్వీసు విషయాల మూల నియమాలు), 1933 నాటి సెలవు నియమాలు, వీటికి తోడు మీ శాఖ ఇచ్చిన మెమోలు.
- కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి: 1964 నాటి కేంద్ర ప్రవర్తన నియమావళి, 1972 నాటి సెలవు నియమాలు.
- ప్రైవేటు ఉద్యోగి: నియామక పత్రం, చేరేటప్పుడు సంతకం చేసిన గోప్యత ఒప్పందం, సంస్థ నిబంధనల పుస్తకం.
- కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి: ఏజెన్సీ ఒప్పందం, పనిచేస్తున్న కార్యాలయం నియమాలు, రెండూ. అనుమతి పత్రం కూడా ఇద్దరి దగ్గరా తీసుకోండి. జీతం ఇచ్చేవారు ఒకరు, హాజరు వేసేవారు ఒకరు అయినప్పుడు ఒక్క సంతకం చాలదు.

ప్రొబేషన్ ఇంకా ఖరారు కాని వారికి నా సలహా ఒక్కటే: ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆగండి.

2. పార్ట్‌టైమా, ఫుల్‌టైమా?

ఇక్కడ జరిగే పొరపాటు తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం. జీతం తీసుకుంటూ, సెలవు పెట్టకుండా, ఫుల్‌టైమ్ స్కాలర్‌గా పేరు నమోదు చేయించుకోకండి. ఒకే రోజు పాఠశాల హాజరులోనూ, విశ్వవిద్యాలయ హాజరులోనూ మీ పేరు ఉంటే ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టడానికి ఫిర్యాదుదారుకు పది నిమిషాలు చాలు. ఫెలోషిప్ సంగతీ అంతే. పూర్తి జీతం, పరిశోధన భృతి ఒకే కాలానికి తీసుకుంటే అది రికవరీతో ఆగదు.

2022 నిబంధనల్లో మీకు అవసరమైన లెక్కలు ఇవి:

- కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 6 సంవత్సరాలు. కోర్సు వర్కు, అంటే పరిశోధనలో భాగంగా క్లాసులకు వెళ్లి చదవాల్సిన పాఠాలు, ఇందులోనే కలిసి ఉంటుంది.
- మళ్లీ నమోదు చేసుకుంటే మరో 2 సంవత్సరాల దాకా పొడిగింపు. మొత్తం 8 దాటకూడదు.
- మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 సంవత్సరాల సడలింపు. మొత్తం 10 దాటకూడదు.
- కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. అందులో 55 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడు రావాలి.
- దూరవిద్యలోగానీ, ఆన్‌లైన్‌లోగానీ పీహెచ్‌డీ చెల్లదు.

చివరి మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. విదేశీ విశ్వవిద్యాలయం పేరుతో, ఇంట్లో కూర్చుని రెండేళ్లలో డాక్టరేట్ అంటూ వచ్చే ప్రకటనలను నమ్మవద్దని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2022 అక్టోబర్‌లోనే హెచ్చరించాయి. లక్షలు పోసి తెచ్చుకున్న ఆ పట్టా సర్వీసు రిజిస్టర్‌లోకి, అంటే మీ ఉద్యోగ వివరాలన్నీ నమోదయ్యే పుస్తకంలోకి, ఎక్కదు.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవవచ్చన్న 2022 నాటి వెసులుబాటు కూడా పీహెచ్‌డీకి వర్తించదు. బీఈడీ సగంలో ఉన్నవారు ముందు దాన్ని ముగించండి.

3. అనుమతి అడిగే ముందే అంశాన్ని ఆఫీసు కళ్లతో చూడండి

చాలామంది తమ పని చుట్టూనే అంశం ఎంచుకుంటారు. అది సహజం. మర్రిగూడ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయుడికి ఫ్లోరైడ్ పీడిత కుటుంబాల పిల్లల చదువు కనిపిస్తుంది. నారాయణపేటలో పనిచేసేవారికి వలస కూలీల పిల్లలు బడి మధ్యలో మానేయడం కనిపిస్తుంది. పరిశోధనకు ఇంతకంటే విలువైన విషయాలు ఉండవు. అయితే అంశాన్ని కాగితం మీద పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

నా గణాంకాల్లో ఎన్ని నా ఆఫీసు బీరువాలోంచి రావాలి? నేను ప్రశ్నించబోయే వాళ్లలో నా మాట కాదనలేని వాళ్లు ఎంతమంది? నేను చేరే నిర్ధారణ మా శాఖ విధానాన్ని విమర్శించేదైతే దాన్ని ఏ ఆధారంతో నిలబెడతాను?

మొదటి ప్రశ్నకు "అన్నీ" అనే జవాబు వస్తే అంశాన్ని కొంచెం పక్కకు జరపండి. మండల కార్యాలయంలో మధ్యాహ్న భోజన బిల్లులు చూసే గుమాస్తా అదే మండలంలోని ఆ బిల్లుల మీద పరిశోధన చేస్తే రోజూ ఇరకాటమే. అదే పనిని పక్క జిల్లాలోని మండలాల మీద, ప్రచురిత సమాచారం ఆధారంగా చేస్తే ఊపిరి ఆడుతుంది.

మూడో ప్రశ్న నాకు మనసుకు దగ్గరిది. ప్రవర్తన నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. పరిశోధకుడి ధర్మం ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఈ రెండింటి మధ్య నలిగి చాలామంది తమ నిర్ధారణలను పలుచన చేసుకుంటారు. ఆ అవసరం లేదు. "ప్రభుత్వం విఫలమైంది" అని రాసేది అభిప్రాయం. "పరిశీలించిన 40 పాఠశాలల్లో 27 చోట్ల నీటి శుద్ధి యంత్రం పనిచేయడం లేదు" అని రాసేది పరిశీలన. ఈ అంకెలు వాక్యం తీరు చూపడానికి రాసినవే, కానీ తేడా తెలుస్తుంది కదా. పరిశీలనను ఎంత గట్టిగానైనా రాయండి, విశేషణాలను మాత్రం తగ్గించండి. గ్రంథం ముందు భాగంలో ఒక వాక్యం చేర్చండి: "ఈ గ్రంథంలోని నిర్ధారణలు పరిశోధకునివి. ఆయన పనిచేసే శాఖ అభిప్రాయాలు కావు."

4. అనుమతి దరఖాస్తు, ఎన్‌ఓసీ

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒకే కాగితంతో పని అయిపోతుందని అనుకుంటారు. నిజానికి దశలు మూడు. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు ఆఫీసుకు తెలియజేయడం మొదటిది. సీటు ఖరారయ్యాక, ఫీజు కట్టే ముందు చదువుకు అనుమతి పొందడం రెండోది. విశ్వవిద్యాలయానికి సమర్పించే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, మూడోది. రెండు, మూడు ఒకే ఉత్తర్వులో రావచ్చు. రాకపోతే విడిగా అడగండి.

పార్ట్‌టైమ్ అభ్యర్థి ఎన్‌ఓసీలో యూజీసీ నిబంధనల ప్రకారం మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి:

- అభ్యర్థిని పార్ట్‌టైమ్ పద్ధతిలో చదువుకోవడానికి అనుమతించాం.
- పరిశోధనకు తగినంత సమయం కేటాయించడానికి ఆయన ఉద్యోగ బాధ్యతలు వీలు కల్పిస్తాయి.
- అవసరమైతే కోర్సు వర్కు పూర్తిచేయడానికి ఆయనను విధుల నుంచి రిలీవ్ చేస్తాం.

నా ఎన్‌ఓసీలో ఉన్నది ఒకే వాక్యం: "పీహెచ్‌డీ చేయడానికి ఈ కార్యాలయానికి అభ్యంతరం లేదు." సంతకం ఉంది, ముద్ర ఉంది, సంతోషంగా తీసుకెళ్లాను. పరిశీలనలో పక్కన పెట్టారు. సవరించిన పత్రం కోసం ఫైలు మళ్లీ మొదటి మెట్టు నుంచి కదిలింది. ఈలోగా అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారు మొత్తం ఫైలు కొత్తగా పెట్టమన్నారు. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ పత్రంలో ఏం ఉండాలో నేనే రాసి జతచేసి ఉంటే ఆ ఆలస్యం జరిగేది కాదు.

కాబట్టి దరఖాస్తుతోపాటు ఎన్‌ఓసీ ముసాయిదాను కూడా మీరే ఇవ్వండి. సెక్షన్ గుమాస్తాకు పని తేలికవుతుంది, మీకు కావలసిన మాటలు అందులో ఉంటాయి. దరఖాస్తు ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి, ప్రధానోపాధ్యాయుల ద్వారా.

విషయం: పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చదువుకు అనుమతి, నిరభ్యంతర పత్రం కోరుతూ.

నేను ఫలానా పాఠశాలలో ఫలానా తేదీ నుంచి స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. నా ప్రొబేషన్ ఫలానా ఉత్తర్వు ద్వారా ఖరారైంది. నాపై క్రమశిక్షణ చర్యలేవీ పెండింగ్‌లో లేవు. ఫలానా విశ్వవిద్యాలయంలో ఫలానా విభాగంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఎంపికయ్యాను. ఎంపిక పత్రం జతచేశాను. నా చదువు వల్ల బోధనకు, ఇతర విధులకు ఆటంకం రానీయను. పని వేళల్లో హాజరు కావాల్సిన రోజులకు నియమానుసారం ముందుగా సెలవు మంజూరు చేయించుకుంటాను. శాఖాపరమైన సమాచారాన్ని రాతపూర్వక అనుమతి లేకుండా వాడను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఎన్‌ఓసీలో ఉండాల్సిన మూడు అంశాలతో ముసాయిదా జతచేశాను. అనుమతి ఇప్పించగలరని మనవి."

మీ శాఖలో అనుమతి ఇచ్చే అధికారం ఎవరికి ఉందో ముందే తెలుసుకుని పై వరుసలో వారి హోదా రాయండి. అధికారం లేనివారు ఇచ్చిన పత్రం ఆరేళ్ల తర్వాత ఆడిట్‌లో బయటపడుతుంది.

దరఖాస్తు ఇచ్చేరోజు సరిచూసుకోవాల్సినవి:

- రెండు ప్రతులు తీసుకెళ్లారా? రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు (ఆఫీసుకు అందిన కాగితానికి వేసే నంబరు), తేదీ, ముద్ర వేయించుకున్నారా?
- మీ పై అధికారి సిఫారసు రిమార్కు ఉందా?
- ప్రతి పేజీ ఫోటో తీసి ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా సొంత మెయిల్‌లో దాచుకున్నారా?

జవాబు రాకపోతే మూడు వారాలకు ఒకసారి ఇన్‌వార్డ్ నంబరు ఉటంకిస్తూ రాతపూర్వకంగా గుర్తుచేయండి. "నెల దాటింది, జవాబు రాలేదు, కాబట్టి అనుమతి ఉన్నట్టే" అని ఎవరైనా చెబితే వినకండి. మౌనం అనుమతి అవుతుందని నియమంలో రాసి ఉంటే తప్ప అవదు. సార్ నోటిమాటగా సరే అన్నారన్నదీ చెల్లదు. సార్ బదిలీ అయిన రోజే ఆ మాట కూడా వెళ్లిపోతుంది.

5. సెలవుల లెక్క ముందే వేయండి

కోర్సు వర్కు దగ్గరే చాలామంది తడబడతారు. మహబూబ్‌నగర్ నుంచిగానీ నల్లగొండ నుంచిగానీ హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లు. మధ్యాహ్నం క్లాసుకు హాజరై సాయంత్రం ఇంటికి రావడం బస్సు లెక్కల్లో కుదురుతుంది. ఉద్యోగం లెక్కల్లో మాత్రం అది ఒక పూర్తి రోజు.

కోర్సు వర్కు షెడ్యూలు రాగానే దాన్ని మీ పని క్యాలెండర్ పక్కన పెట్టండి. ఉపాధ్యాయులకు వేసవి, దసరా సెలవులు కలిసొస్తాయి. మార్చి, ఏప్రిల్ పది పరీక్షలు, స్పాట్ వాల్యుయేషన్ నెలలు. ఎన్నికల విధులు పడితే ఎవరూ తప్పించలేరు. రెవెన్యూ, పంచాయతీరాజ్ వాళ్లకు మార్చి నెలాఖరు అసలు కుదరదు.

ఒకటి రెండు రోజులకు క్యాజువల్ లీవు సరిపోతుంది. వారాలకు వారాలు కావాలంటే ఆర్జిత సెలవు లేదా అర్ధవేతన సెలవు. ఏడాది స్థాయిలో కావాలంటే ఫండమెంటల్ రూల్ 84 కింద అధ్యయన సెలవుకు దరఖాస్తు చేయవచ్చు. జీతం లేని సెలవు చివరి మార్గం, ఎందుకంటే ఇంక్రిమెంటు తేదీ వెనక్కి జరగవచ్చు. ఏ సెలవైనా హక్కుగా అడిగేది కాదని ఫండమెంటల్ రూల్ 67 చెబుతుంది. అందుకే మంజూరు అయ్యాకే బస్సు ఎక్కండి.

మహిళా స్కాలర్లకు ఒక సంగతి. పీహెచ్‌డీ మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చే వీలు యూజీసీ నిబంధనల్లో ఉంది. అది విశ్వవిద్యాలయం ఇచ్చేది. ఆఫీసు ఇచ్చే ప్రసూతి సెలవు వేరు. ఆఫీసులో మంజూరైతే విశ్వవిద్యాలయానికి తెలిసిపోతుందని అనుకుని ఊరుకున్న ఒక సోదరి పరిశోధన గడువులో ఆ నెలలు కోల్పోయింది. రెండు చోట్లా విడివిడిగా దరఖాస్తు చేయండి.

ప్రతి సెమిస్టర్‌కు ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు హాజరై ప్రగతి చెప్పాలి. ఆ తేదీ తెలియగానే సెలవు చీటీ పెట్టండి.

6. ఆఫీసు సమయం, ఆఫీసు సామాను

ఇక్కడ నియమం సూటిగా ఉంటుంది. పని వేళల్లో థీసిస్ రాయకూడదు. ఖాళీ పీరియడ్ కూడా పని వేళే. ఆఫీసు ప్రింటర్‌లో 300 పేజీలు తీయకూడదు. ఆఫీసు కంప్యూటర్‌లో అధ్యాయాలు దాచకూడదు, ఎందుకంటే రేపు ఆ యంత్రాన్ని మరొకరికి ఇచ్చినప్పుడు మీ నాలుగేళ్ల శ్రమ అందులోనే ఉండిపోతుంది. అటెండర్‌తో జిరాక్సులు తెప్పించుకోవడం, కింది ఉద్యోగులతో ప్రశ్నావళులు నింపించడం అసలే వద్దు.

ఇంకో కారణమూ ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. మీరు సొంత సమయంలో, సొంత సాధనాలతో రాసినదని చూపగలిగితే ఆ పేచీ పుట్టదు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఉదయం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్ మీద. పక్కన ఒక డైరీలో తేదీ, రాసిన అధ్యాయం. ఆ డైరీ ఎవరూ అడగలేదు, కానీ అది ఉందన్న ధైర్యం నన్ను నిలబెట్టింది.

7. ఆఫీసు సమాచారం: బీరువా తాళం మీ దగ్గరున్నా అడిగే తీసుకోండి

పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్, ఆసుపత్రి ఓపీ రిజిస్టర్, పింఛను జాబితా, భూమి రికార్డు. ఇవి రోజూ మీ చేతుల్లోనే ఉంటాయి. ఉద్యోగిగా వాటిని తెరిచే అధికారం ఉంది. పరిశోధకుడిగా లేదు. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

సరైన వరుస ఇది:

- ముందుగా ప్రచురిత సమాచారం వెతకండి. జనాభా లెక్కలు, జిల్లా గణాంక పుస్తకాలు, పాఠశాలల గణాంకాలుండే యూడైస్ ప్లస్ వంటివి చాలావరకు సరిపోతాయి.
- మిగిలినదానికి కార్యాలయ అధిపతికి పరిశోధకుడి హోదాలో లేఖ రాయండి. ఏ సంవత్సరాలది, ఏ అంశాలు, ఎందుకు కావాలో చెప్పండి. పేర్లు, ఆధార్, ఫోను నంబర్లు తీసేసి ఇవ్వమని మీరే కోరండి.
- అనుమతి లేఖ నంబరు, తేదీ థీసిస్ అనుబంధంలో చేర్చండి.
- కుదరకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద సాధారణ పౌరుడిగా దరఖాస్తు చేయవచ్చు. రుసుము 10 రూపాయలకు మించదు, జవాబు గడువు 30 రోజులు. అయితే సొంత ఆఫీసు మీదే ఆ దరఖాస్తు వేయడానికి ముందు ఒకసారి అధికారితో మాట్లాడండి. ముందు మాట, తర్వాత చట్టం.

ఆఫీసు జాబితాలను ఆన్‌లైన్ అనువాద, విశ్లేషణ సాధనాల్లో పెట్టడం కూడా బయటివారికి ఇచ్చినట్టే.

మన ప్రాంతం మీద పనిచేసేవారికి ఒక అదనపు జాగ్రత్త. 2011 జనాభా లెక్కలు పాత మహబూబ్‌నగర్, పాత నల్లగొండ జిల్లాలవి. 2016 అక్టోబర్ 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. "2011లో మహబూబ్‌నగర్ జిల్లా" అన్న అంకెను "2023లో మహబూబ్‌నగర్ జిల్లా" అంకె పక్కన పెట్టి తగ్గుదల చూపించిన పట్టికలు నేను చూశాను. అక్కడ తగ్గింది జనం కాదు, జిల్లా. మండలాల వారీగా అంకెలు తీసుకుని, పాత హద్దులకో కొత్త హద్దులకో కూడి, ఏది చేశారో పట్టిక కింద రాయండి. ఆఫీసును సమాచారం అడిగే లేఖలోనే "మండలాల వారీగా" అన్న మాట చేర్చండి. మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.

8. మీ మాట కాదనలేని వారిని ప్రశ్నించేటప్పుడు

ప్రధానోపాధ్యాయుడు తన బడి ఉపాధ్యాయులకు ప్రశ్నావళి ఇస్తే ఎవరు కాదంటారు? ఆరోగ్య కార్యకర్త తన దగ్గర మందులు తీసుకునే ముసలవ్వను ఇంటర్వ్యూ అడిగితే ఆమె "వద్దు బిడ్డా" అనగలదా? ఆ మొహమాటాన్ని సమ్మతిగా రాసుకోవడం అన్యాయం.

వీలైతే మీ పరిధిలో లేని ఊళ్లను, బడులను ఎంచుకోండి. తప్పనిసరి అయితే ప్రశ్నించే పని వేరే వ్యక్తికి అప్పగించండి, పేర్లు రాయవద్దనండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, బడి అనుమతి, పిల్లల ఇష్టం, మూడూ కావాలి. సమ్మతి పత్రం తెలుగులో, అర పేజీలో ఉండాలి. చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. "వద్దన్నా మీ పింఛనుకు, మందులకు, పిల్లల చదువుకు ఏ లోటూ రాదు" అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి.

ఆరోగ్య పరిశోధన అయితే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి. పరిశోధన వల్ల మనుషులకు హాని లేదని పరిశీలించే నైతిక సంఘం ఆమోదం వచ్చేదాకా ఒక్క రోగినీ పలకరించకండి. వెనక తేదీతో ఆమోదం దొరకదు.

9. కంపెనీ ఉద్యోగులకు

మందుల కంపెనీలో, సిమెంటు కర్మాగారంలో, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారికి గోప్యత ఒప్పందమే ప్రధానం. దాన్ని బయటకు తీసి, ఉద్యోగ కాలంలో కనిపెట్టినదంతా కంపెనీదే అన్న వాక్యం ఉందో లేదో చూడండి. ఉంటే హెచ్‌ఆర్ విభాగం నుంచి మూడు విషయాలు రాతపూర్వకంగా తెచ్చుకోండి: ఏ సమాచారం వాడవచ్చు, థీసిస్ హక్కులు ఎవరివి, సమర్పణకు ముందు కంపెనీ చదివి చెప్పడానికి ఎన్ని రోజులు.

వైవాకు, అంటే చివరి మౌఖిక పరీక్షకు, విభాగం అధ్యాపకులు, ఇతర స్కాలర్లు వస్తారు. గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతి థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో చేరి ఎవరికైనా కనిపిస్తుంది. అందువల్ల "రహస్యంగా ఉంచుతాను" అని కంపెనీకి మాట ఇచ్చి థీసిస్‌లో రాయడం కుదరదు. పేటెంటుకు అర్హమైనది ఏదైనా ఉంటే సమర్పణకు ముందే దరఖాస్తు పడాలి, బయటపడ్డాక కొత్తదనం పోతుంది.

10. రాత, పోలిక శాతం, ప్రచురణ

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆఫీసు నివేదికలను మక్కీకి మక్కీ ఎక్కించేవారు ఈ లెక్కలో దొరుకుతారు. నివేదిక మీరే తయారుచేసి ఉన్నా, అది ఆఫీసు పత్రమే. మూలం చెప్పి, మీ మాటల్లో రాయండి.

2022 నిబంధనల్లో సమర్పణకు ముందు పరిశోధన వ్యాసం ప్రచురించడం తప్పనిసరి కాదు. మీ విశ్వవిద్యాలయం అడిగితే మాత్రం ప్రచురించాలి. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల జోలికి వెళ్లకండి. థీసిస్‌ను పుస్తకంగా తెచ్చేటప్పుడు, పత్రికలకు దాని మీద వ్యాసాలు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ ఉద్యోగులు మళ్లీ విడిగా అనుమతి అడగాలి. పాత ఎన్‌ఓసీ చదువుకే పరిమితం.

11. ఇప్పటికే తప్పు జరిగితే

అనుమతి లేకుండా చేరిపోయారు. దాచకండి. చేరిన తేదీ, కారణం, సెలవు పెట్టి హాజరైన రోజుల జాబితా రాసి, జరిగిపోయినదానికి ఆమోదం ఇమ్మని, అంటే ర్యాటిఫై చేయమని కోరండి. ఇవ్వడం అధికారి విచక్షణ. అయినా మీరే చెప్పిన తప్పుకూ, ఎవరో పట్టించిన తప్పుకూ ఫైలు మీద చాలా తేడా ఉంటుంది.

మధ్యలో బదిలీ అయింది. చేరిక నివేదికతోపాటే పాత ఎన్‌ఓసీ ప్రతి కొత్త అధికారికి ఇచ్చి ఇన్‌వార్డ్ చేయించండి. విశ్వవిద్యాలయానికి కొత్త పనిస్థలం తెలియజేయండి.

గైడు రిటైరవుతున్నారు. మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కాబట్టి గైడును అడిగే మొదటి ప్రశ్న ఆయన పదవీ విరమణ తేదీ కావాలి. అడగడానికి సంకోచించకండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ఇప్పటికే చేరినవారికి ఆయన రిటైరయ్యాక కూడా 70 ఏళ్ల వయసు దాకా సహ పర్యవేక్షకుడిగా కొనసాగే వీలుంది.

ఆరేళ్ల గడువు ముంచుకొస్తోంది. చివరి నెలలో కాకుండా ఆరు నెలల ముందే పొడిగింపు దరఖాస్తు పెట్టండి. ఆఫీసు అనుమతిలో కాలపరిమితి రాసి ఉంటే దాన్ని కూడా పొడిగించుకోవాలి. ఈ రెండోది దాదాపు అందరూ మర్చిపోతారు.

ఎవరో ఫిర్యాదు చేశారు, మెమో వచ్చింది. కోపంతో ఆ రోజే జవాబు రాయకండి. గడువులోపల, తేదీలవారీగా, ప్రతి తేదీకి సెలవు మంజూరు పత్రం జతచేసి ఇవ్వండి. పైన చెప్పిన కాగితాలన్నీ దాచుకోమన్నది ఈ రోజు కోసమే.

12. పట్టా చేతికొచ్చాక

ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాగానే పై అధికారి ద్వారా దరఖాస్తు చేసి అదనపు విద్యార్హతను సర్వీసు రిజిస్టర్‌లో నమోదు చేయించండి. జతచేయాల్సినవి:

- అనుమతి ఉత్తర్వు, ఎన్‌ఓసీ ప్రతులు
- రిజిస్ట్రేషన్, కోర్సు వర్కు పత్రాలు
- వాడుకున్న సెలవుల మంజూరు వివరాలు
- ప్రొవిజనల్ సర్టిఫికెట్, తర్వాత అసలు పట్టా

నమోదు జరిగిందని ఎవరో చెబితే సరిపెట్టుకోకండి. రిజిస్టర్ తెరిపించి, ఆ పేజీలో అధికారి సంతకం, తేదీ మీ కళ్లతో చూడండి. కంప్యూటర్ రికార్డులోనూ చేరిందేమో చూడండి.

ఇంటర్వ్యూల రికార్డింగులు, పేర్లున్న జాబితాలు సమ్మతి పత్రంలో మాట ఇచ్చిన గడువుకు చెరిపేయండి. ఆఫీసు నుంచి తెచ్చిన ప్రతులు తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. నిర్ధారణలను రెండు పేజీల తెలుగులో రాసి, మీకు సమయమిచ్చి మాట్లాడిన బడికి, ఊరికి వెళ్లి ఇచ్చి రండి. ఆ రోజుకు కూడా సెలవు చీటీ పెట్టండి.